భార్గవి ఏమైంది? ‘కేరాఫ్ కంచరపాలెం’ మీద అక్కాతమ్ముళ్ల కబుర్లు

అక్క: అందరికీ నమస్తే. నెల్లూరు నుంచి అక్కాతమ్ముళ్లం మళ్లీ వచ్చేశాం. ఈరోజు ‘కేరాఫ్ కంచరపాలెం’ గురించి. చివరి మలుపు కూడా చెప్పేస్తాం, చూడనివాళ్లు ముందు సినిమా చూసి రండి.

తమ్ముడు: 2018 సెప్టెంబర్ 7న వచ్చింది. దర్శకుడు వెంకటేష్ మహాకి అదే మొదటి సినిమా. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టర్, సలీమా పాత్ర కూడా ఆవిడే వేశారు. పెద్ద హీరో లేడు. విశాఖపట్నం కంచరపాలెంలో, చాలావరకు అక్కడి జనంతోనే తీశారు. తర్వాత దగ్గుబాటి రానా సమర్పణలో థియేటర్లకొచ్చింది.

అక్క: అందుకే ఎవరూ నటిస్తున్నట్టే ఉండదు. రాజునే చూడు. 49 ఏళ్ల అటెండర్, పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని ఊరంతా కూర్చుని పంచాయితీ పెడతారు! మన దగ్గర అంత దాకా పోరు గానీ, ఏ పెళ్లికి పోయినా భోజనాల దగ్గర ఇదే విచారణ కదరా.

తమ్ముడు: ఇందులోని నాలుగు ప్రేమకథల్లో నాకు గడ్డం అనే అతనిది, సలీమాది కథ దగ్గర మనసు ఆగిపోయిందక్కా. అతను వైన్ షాపులో పని చేస్తుంటాడు. బురఖాలో ఒకామె వచ్చి మందు కొనుక్కుపోతుంటుంది. కౌంటర్‌కి ఇవతల ఇతను, అవతల ఆమె. కనిపించేది కళ్లే. ఆ కళ్లనే ప్రేమించేస్తాడు. ఆమె ఒళ్లమ్ముకుని బతుకుతోందని తెలిశాక కూడా పెళ్లి చేసుకుందామనే అంటాడు. మతం వేరు, ఆమె బతుకు వేరు. చివరికి సలీమా ప్రాణమే పోతుంది.

అక్క: మన రొట్టెల పండగ గుర్తొచ్చింది నాకు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులోకి దిగి, పెళ్లి కావాలన్నవాళ్లు పెళ్లి రొట్టె పట్టుకుంటారు, కోరిక తీరినవాళ్లు తర్వాత వచ్చి రొట్టె వదులుతారు. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు, ఏ మతం అని ఎవరూ అడగరు. అదే మనుషులు ఇంటికొచ్చాక, పిల్ల వేరే మతం అబ్బాయి పేరెత్తితే ఒప్పుకోరు. ఈ సినిమాలో ప్రేమించుకున్న ఇద్దరి మధ్య చిక్కేమీ ఉండదురా. చిక్కంతా పక్కనున్నవాళ్లు వేసిందే.

తమ్ముడు: బడిపిల్లలు సుందరం, సునీతల కథలోనూ అంతే. భార్గవి నాన్న అయితే చస్తానని బెదిరిస్తాడు.

అక్క: ఆ సీన్ చూస్తే నాకు ఊపిరాడలేదు. ఆమె బ్రాహ్మణుల పిల్ల, ప్రేమించింది జోసెఫ్‌ని. తండ్రి చావు తన నెత్తిన పడుతుందని భయపడి వేరేవాణ్ణి చేసుకుంటుంది. మోసం చేసిందని ఆమెను తిట్టుకునేవాళ్లుంటారు, నాకు మాత్రం కోపం రాలేదు. అంత మాట అన్నాక ఏ పిల్ల ఎదురు నిలబడుతుంది?

తమ్ముడు: చివర్లో సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు నలుగురూ వేరే వేరే వయసుల్లో ఒక్కడేనని తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది. పోగొట్టుకుంటూ వచ్చినవాడికి అంత వయసులో రాధ దొరికిందని సంతోషం వేసింది.

అక్క: అక్కడే నాకు కొంచెం బాధ. ఆయన బతుకు మొత్తం తెలిసింది, మరి భార్గవి ఏమైంది? మెడలో తాళి పడ్డాక ఆమె కథ అక్కడితో వదిలేశారు. సునీత పెద్దయ్యాక ఏమనుకుందో కూడా తెలీదు. ఒక మగాడి జీవితంలో ముగ్గురూ మజిలీలుగా మిగిలిపోయారు.

తమ్ముడు: రాధని వదిలేసి మాట్లాడుతున్నావక్కా. ఒడిశా నుంచి వచ్చిన ఆఫీసరు, భర్త పోయాడు, ఎదిగిన కూతురుంది. అన్నయ్య వద్దంటాడు. అయినా కూతురి అండతో అటెండర్‌ని చేసుకుంటుంది. ఆ వయసు ఆడమనిషి తనకి కావాల్సింది తనే తేల్చుకోవడం మన తెరమీద ఎన్నిసార్లు చూశాం చెప్పు?

అక్క: ఒప్పుకుంటా. రాధ లేకపోతే ఈ సినిమా నాకు ఇంత దగ్గరయ్యేది కాదు. కూతురు తల్లి పెళ్లికి నిలబడటం చూసి మా ఫ్రెండ్స్‌లో ఇద్దరు ఏడ్చేశారు. కానీ రాధకి ఇచ్చిన చోటు భార్గవికీ ఇచ్చుంటే బాగుండేదంటున్నా. పెళ్లయిన పదేళ్లకి ఆమె ఎట్టా ఉంది, జోసెఫ్‌ని తలుచుకుంటుందా, ఆ నాన్నతో మాట్లాడుతుందా, అది మొత్తం ఇంకో సినిమా.

తమ్ముడు: వింటున్నవాళ్లలో ఎవరికైనా కెమెరా ఉంటే ఆ కథ తీయండి, మొదటి టికెట్ మా అక్కది.

అక్క: రెండోది అమ్మకి తీసుకోరా. ఆమె కూడా ఇదే అడిగింది.