హైడ్రోజన్ బంధం చేసే అసలు పని

అందరికీ నమస్కారం.

ఆవర్తన పట్టికలో ఆక్సిజన్ కిందే గంధకం ఉంటుంది. రెండూ రెండేసి హైడ్రోజన్లతో కలుస్తాయి. గంధకంతో వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, అదే కుళ్లిన గుడ్ల వాసన వేసే వాయువు. అది మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఆక్సిజన్‌తో వచ్చేది నీరు. నీటి అణువు బరువు అందులో దాదాపు సగమే. ఆ నిలువు వరుసలోని మిగతా మూలకాల తీరు ప్రకారం నీరు మైనస్ 80 ప్రాంతంలోనే ఆవిరైపోవాలి, కానీ 100 డిగ్రీల దాకా మరగదు. ఈ 180 డిగ్రీల తేడా ఎక్కడిది?

హైడ్రోజన్‌కు ఉన్నదే ఒక్క ఎలక్ట్రాన్. ఆక్సిజన్, నైట్రోజన్, ఫ్లోరిన్ లాంటివి దాన్నీ తమవైపు లాక్కుంటాయి. వేరే మూలకమైతే లోపల ఇంకో ఎలక్ట్రాన్ల పొర అడ్డుంటుంది. హైడ్రోజన్‌కు ఆ పొర లేదు కాబట్టి దాని ప్రోటాన్ అవతలివైపు దాదాపు బయటపడిపోతుంది. పక్క అణువులోని ఒంటరి ఎలక్ట్రాన్ జంట దానికి బాగా దగ్గరగా రాగలుగుతుంది. అదే హైడ్రోజన్ బంధం. ధన, రుణ ఆవేశాల ఆకర్షణేనని క్లాసులో సరిపెట్టేస్తాం గానీ, అందులో కొంత సమయోజనీయ స్వభావం, అంటే ఎలక్ట్రాన్లను పంచుకునే గుణం కూడా ఉంది. 2011లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ ఐయూపీఏసీ ఇచ్చిన నిర్వచనం దాన్ని ఒప్పుకుంది. బంధంలోని మూడు పరమాణువులు వీలైనంత వరకు ఒకే సరళరేఖ మీదకు రావాలని చూస్తాయని కూడా చెప్పింది. ఈ దిశ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

బలం చూస్తే చాలా తక్కువ. నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య అసలు బంధం తెంచాలంటే మోల్‌కు సుమారు 460 కిలోజౌళ్లు కావాలి, హైడ్రోజన్ బంధానికి 20 చాలు. ద్రవ నీటిలో ఒక్కో బంధం సెకనులో లక్ష కోట్లవ వంతు పాటు ఉండి తెగుతుంది, వెంటనే ఇంకోటి ఏర్పడుతుంది.

బంధం ఉందా లేదా అన్నదే కాదు, ఎక్కడుందన్నదీ ముఖ్యమే. నైట్రోఫినాల్‌ను చూడండి. ఆర్థో రూపంలో దాని రెండు సమూహాలు, హైడ్రాక్సిల్, నైట్రో, పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బంధం అణువు లోపలే తీరిపోతుంది, పక్కవాటితో పెద్దగా పని ఉండదు. పారా రూపంలో అవి ఎదురెదురు చివర్లలో ఉంటాయి కాబట్టి ఒక అణువు ఇంకోదాన్ని పట్టుకుంటూ గొలుసులా సాగుతుంది. అవే పరమాణువులు, అదే బరువు. అయినా మొదటిది 45 డిగ్రీలకే కరుగుతుంది, రెండోది 114 దాకా ఆగుతుంది. రెండింటి మిశ్రమంలోకి నీటి ఆవిరి పంపితే ఆర్థో దాంతోపాటు వెళ్లిపోతుంది, పారా ఫ్లాస్కులోనే మిగులుతుంది.

ఇక జీవశాస్త్రం. 1951లో పౌలింగ్, కోరీ, బ్రాన్సన్ అనే శాస్త్రవేత్తలు ప్రోటీన్లలోని ఆల్ఫా హీలిక్స్ అనే మెలికల ఆకారాన్ని ప్రతిపాదించారు. అందులో ప్రతి అమైనో ఆమ్లం నాలుగు స్థానాల అవతల ఉన్న దానితో హైడ్రోజన్ బంధం పెట్టుకుంటుంది. రెండేళ్లకు డీఎన్‌ఏ వంతు వచ్చింది. దాని నిర్మాణాన్ని వెతుకుతున్న శాస్త్రవేత్త వాట్సన్ మొదట రెండు పోగుల మధ్య జతకట్టే క్షారాలను (అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్) తప్పుగా జత కలపబోయాడు. దానికి ఒక కారణం, అప్పటి పాఠ్యపుస్తకాల్లో గ్వానిన్, థైమిన్‌లకు ఈనోల్ రూపం గీసి ఉండటం. అంటే హైడ్రోజన్ ఉండాల్సిన చోట లేదు. అదే గదిలో పనిచేసే జెర్రీ డోనహ్యూ, అవి కీటో రూపంలో ఉంటాయని చెప్పాడు. 1953 ఫిబ్రవరి 28న వాట్సన్ అట్టముక్కలు కత్తిరించి కలిపి చూస్తే అడినిన్‌కు థైమిన్, గ్వానిన్‌కు సైటోసిన్ సరిగ్గా కుదిరాయి. అప్పుడు కూడా గ్వానిన్, సైటోసిన్‌ల మధ్య రెండే బంధాలు గీశారు. మూడోది ఉందని పౌలింగ్, కోరీ 1956లో చూపించారు.

ఇక్కడే నేను నొక్కి చెప్పదలచుకున్న మాట ఉంది. డీఎన్‌ఏ రెండు పోగుల్ని కలిపి ఉంచేది హైడ్రోజన్ బంధాలేనని అందరం చదువుకున్నాం. అది సగం నిజమే. కణం నిండా నీరే కదా! విడిగా ఉన్నప్పుడు క్షారాలు నీటితోనే హైడ్రోజన్ బంధాలు పెట్టుకుని ఉంటాయి. జత కుదిరితే ఆ బంధాలు పోయి కొత్తవి వస్తాయి. లెక్కేస్తే మిగిలే లాభం కొంచెమే. పోగుల్ని నిలబెట్టడంలో పెద్ద వాటా క్షారాలు ఒకదానిపై ఒకటి పేర్చుకుని కూర్చోవడానిది, దాన్నే స్టాకింగ్ అంటారు.

మరి హైడ్రోజన్ బంధం ఏం చేస్తున్నట్టు? ఎంపిక చేస్తోంది. తప్పు క్షారం ఎదురుగా వస్తే నీటితో ఉన్న బంధాలు పోతాయి, బదులుగా కొత్తవి రావు. దిశ కుదరదు కాబట్టి సర్దుకోవడమూ కష్టం. సరైన జతకు లాభం కొంచెమే అయినా, తప్పు జతకు నష్టం గట్టిగానే ఉంటుంది. జన్యు సమాచారం అంత కచ్చితంగా నకలు కావడానికి ఇదొక ముఖ్య కారణం. క్షారాల ఆకారం, నకలు తీసే ఎంజైమ్ చేసే తనిఖీ కూడా తోడవుతాయనుకోండి.

పోగుల్ని నిలబెట్టే పని ప్రధానంగా హైడ్రోజన్ బంధానిది కాదనడానికి ఒక సాక్ష్యం ఉంది. డీఎన్‌ఏకు ప్రయోగశాలలో నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో 95 డిగ్రీల దాకా వేడిచేస్తే రెండు పోగులూ విడిపోతాయి, ఒక్కో పోగు మాత్రం తెగదు. గ్వానిన్, సైటోసిన్ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి. అలాగైతే మరిగే నీటిలో బతికే జీవుల డీఎన్‌ఏ నిండా ఆ మూడు బంధాల జతలే ఉండాలి కదా! పైరోకోకస్ ఫ్యూరియోసస్ అనే సూక్ష్మజీవి 100 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. దాని డీఎన్‌ఏలో గ్వానిన్, సైటోసిన్ వాటా సుమారు 41 శాతం. మన డీఎన్‌ఏలోనూ దాదాపు అంతే. ఆ వేడిని తట్టుకోవడానికి అది మూడో బంధాన్ని నమ్ముకోలేదు. కణంలోని లవణాలు, డీఎన్‌ఏను చుట్టి ఉంచే ప్రోటీన్లు, పోగుల్ని ఇంకా బిగించి మెలిపెట్టే రివర్స్ గైరేజ్ అనే ఎంజైమ్ ఆ పని చూసుకుంటున్నాయి.