పంటు ఎక్కే అంబాసిడర్, గట్టు మీద పద్మిని

అందరికీ నమస్కారమండీ.

అంబాసిడర్ మేలా, ప్రీమియర్ పద్మిని మేలా అని వాదన మొదలైతే అందరూ ముందు హార్స్‌పవరే లెక్కపెడతారు. అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌ది సుమారు 50, పద్మిని 1089 సీసీది సుమారు 40. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజన్ అంబాసిడర్‌ది వేరే లెక్క, దాన్ని పక్కన పెడదాం. ఇప్పుడు బరువు చూడండి. అంబాసిడర్ 1,100 కిలోల పైమాటే, పద్మిని 900 లోపు. టన్నుకి ఎంతని భాగిస్తే రెండూ 45 దగ్గరకే వస్తాయి. చదును రోడ్డు మీద పికప్ గురించి కొట్టుకోవడం దండగ.

తేడా తెలిసేది గోదావరి మీద సఖినేటిపల్లి రేవులో. నలుగురు మనుషులు, డిక్కీలో రెండు బస్తాలు వేసుకుని పంటు (బండ్లని నది దాటించే పడవ) దిగి, తడి ర్యాంపు ఎక్కాలి. అంబాసిడర్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 73 మిల్లీమీటర్లు; స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9. పద్మినివి 68, 75. సిలిండర్ పెద్దది, స్ట్రోక్ పొడుగు కాబట్టి అంబాసిడర్ తక్కువ ఆర్పీఎంలోనే లాగుతుంది. ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా వదిలేసినా నింపాదిగా పైకొస్తుంది. పద్మినిని రేజ్ చేసి హాఫ్ క్లచ్‌లో పట్టి ఉంచాలి. రోజూ అదే పనైతే క్లచ్ ప్లేటు మాడు వాసన కొడుతుంది.

కాలవగట్టు మీద లెక్క తిరగబడుతుంది. పద్మిని వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2340 మిల్లీమీటర్లు, అంబాసిడర్‌ది 2464. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వస్తే వెనక్కి తీసి ఒదగడానికి చిన్న బండే సుఖం.

బ్రేకుల్లో మాత్రం రెండూ దొందూ దొందే, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. రోడ్డెక్కిన వరద నీళ్లలోంచి బయటికొచ్చాక సెకండ్ గేరులో మెల్లగా పోతూ పెడల్ తేలిగ్గా తొక్కి పట్టండి. లైనింగ్ ఆరి, పట్టు తెలిశాకే స్పీడు పెంచాలి. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి మన గాలికి ఏడాదికోసారి మార్చేయడం మంచిది. లేకపోతే వీల్ సిలిండర్ లోపల తుప్పు పట్టి, రబ్బరు కప్పులు కోసుకుపోయి లీకవుతుంది.

అంతకన్నా పెద్ద తలనొప్పి 20 శాతం ఇథనాల్ పెట్రోల్. పాత రబ్బరు గొట్టాలు, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ దానికి తట్టుకోవు. ఉబ్బుతాయి, పగులుతాయి. ఇథనాల్‌కి ఆగే రబ్బరువి వేయించండి. సగం ట్యాంకుతో వానాకాలమంతా షెడ్డులో నిలబెడితే ఇథనాల్ తేమ లాగి, నీళ్లు విడిపోయి అడుక్కి చేరతాయి. ట్యాంకు తుప్పు పడుతుంది, ఆ పొడి పోయి కార్బురేటర్ జెట్లో అడ్డం పడుతుంది. నిలబెట్టేముందు ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా దింపేయండి.

ఎస్‌యూ కార్బురేటర్ ఉన్న అంబాసిడర్ యాక్సిలరేటర్ తొక్కగానే గతుక్కుమంటుంటే, ముందు పైమూత తిప్పి డ్యాంపర్‌లో ఆయిల్ ఉందో లేదో చూడండి. 20 నంబరు పల్చటి ఆయిల్ చాలు. ట్యాపెట్ల (వాల్వుల దగ్గరి) గ్యాప్ 0.015 అంగుళం ఉండాలి.

కొనేటప్పుడు ఇంజన్ శబ్దం కన్నా ముందు మ్యాట్లు ఎత్తండి. రెండింటికీ విడి ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. ఉప్పుగాలి తిన్న ఫ్లోరు, డోరు కింది అంచులు స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. కొత్తగా పెయింటు కొట్టిన చోట ఇంకాస్త గట్టిగా గుచ్చండి.