నూట ఐదుని 1005 అని రాసే పిలకాయలు

కొత్తగా ప్రాథమిక బడుల్లో చేరిన టీచర్లందరికీ నమస్కారం.

మన నెల్లూరు వైపు పిల్లల్ని పిలకాయలంటాం. ఆ మాటలోనే సగం అల్లరి వినపడుతుంది. ఒకటి నుంచి ఐదు దాకా పిలకాయల మధ్య పొద్దు గడిపే టీచరుకి నవ్వొచ్చే సంగతులకు కొదవుండదు. నవ్వొస్తే నవ్వండి. అయితే నవ్వేసి ఆ తప్పుని అక్కడే వదిలేయొద్దని అడగడానికే ఈ నాలుగు మాటలు. పిలకాయ తప్పు రాసిందంటే దాని వెనక ఒక లెక్కుంటుంది. ఆ లెక్క దొరికితే రేపు ఏం చెప్పాలో మీకు తెలిసిపోతుంది.

రెండో తరగతిలో "నూట ఐదు రాయండి" అని చెప్పి చూడండి. నలుగురైదుగురు 1005 రాస్తారు. ముప్పై రెండుని 302 రాసేవాళ్లూ ఉంటారు. వాళ్లు చేసింది చెవికి వినపడింది వినపడినట్టు రాయడమే. నూరు అన్నారు, 100 రాశారు. ఐదు అన్నారు, పక్కన 5 పెట్టారు. సున్నాలు ఐదుకి చోటు వదలడానికి ఉన్నాయన్న సంగతి వాళ్లకి ఇంకా తెలియదు. ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన 105 రాసిస్తే ఆ ఒక్కటీ బట్టీ పడతారు. మరుసటి రోజు నూట ఆరు దగ్గర మళ్లీ 1006 వస్తుంది.

దీనికి మందు అట్టముక్కలు. ఇంట్లో పాత పెళ్లి శుభలేఖలు రెండు మూడు ఉంటే చాలు. అన్ని ముక్కల ఎత్తూ నాలుగు సెంటీమీటర్లు. వందల ముక్కలు తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు, పదులవి ఆరు, ఒకట్లవి మూడు. అంటే ఒక్కో అంకెకి మూడు సెంటీమీటర్లు. 100 నుంచి 900 దాకా తొమ్మిది, 10 నుంచి 90 దాకా తొమ్మిది, 1 నుంచి 9 దాకా తొమ్మిది, మొత్తం 27 ముక్కలు. 100 ముక్క కింద పెట్టి, దాని కుడి అంచుకి సమానంగా 5 ముక్కని పైన పెట్టమనండి. చివరి సున్నా మూసుకుపోయి 105 కనిపిస్తుంది. 5 తీసేస్తే కింద సున్నా అట్లాగే ఉంటుంది. ఆ ముక్క తీసి పెట్టడం పిలకాయ తన చేత్తో తాను చేయాలి, మీరు చేసి చూపిస్తే సరిపోదు.

ఇక్కడ పొరపాట్లు రెండు జరుగుతాయి. వెడల్పు సరిగ్గా కొలవకపోతే కింది సున్నా పక్క నుంచి తొంగి చూస్తుంది. ఎడమ అంచుకి సర్దితే 105 బదులు 500 వస్తుంది. అందుకని ప్రతి ముక్క కుడి అంచునా ఎర్ర గీత గీయండి, గీత మీదికి గీత రావాలని చెప్పండి. ఆ తర్వాత అంగడి ఆట ఆడించండి. నూట ఐదు రూపాయలకి నూరు నోటొకటి, ఐదు బిళ్లొకటి అని పిలకాయ తడుముకోకుండా చెబుతుంది. అంగట్లో తెలిసిన లెక్కే పలక మీద తప్పుతోందన్నమాట.

తీసివేతలోనూ ఇదే కథ. 52లోంచి 27 తీస్తే 35 అంటారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశారు. "పెద్దదాన్లోంచే చిన్నది తీయాల" అని మనమే కదా చెప్పింది! ఈనెపుల్లలు పదేసి కట్టి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ ఇచ్చి, ఇరవై ఏడు తెమ్మనండి. ఒక కట్ట విప్పక తప్పదని వేళ్లకే తెలుస్తుంది.

తెలుగులో 'పాము'ని 'వాము' అని చదివే పిలకాయకి చూపు బాగానే ఉంటుంది. ప ఎడమ పక్క తెరిచి ఉంటుంది, వ ఎడమ పక్క చుట్ట మూసుకుంటుంది. ఆ రెంటినీ ఒకే రోజు నేర్పొద్దు. ఒకటి బాగా కుదిరాక, వారం పది రోజులు ఆగి రెండోది మొదలుపెట్టండి. ఇక 'ఎక్కడ'కి బదులు 'యాడ' అని రాస్తే సంతోషించండి. ఇంట్లో మాట్లాడే మాటని తనంతట తాను అక్షరాల్లో పెట్టగలిగింది. పక్కనే పుస్తకంలో మాట కూడా రాసి రెండూ చదివించండి.

పలకంటే మన వైపు మార్కాపురం పేరు గుర్తురావాల్సిందే. పలక ఉన్నచోట బలపం తినే పిలకాయ కూడా ఉంటుంది. అందరూ నవ్వుతారు, దాచుకుని మరీ తింటుంది. దాన్ని తిట్టొద్దు. బలపం, మట్టి, సున్నం తినాలనిపించడం చాలాసార్లు ఒంట్లో ఇనుము తక్కువైనప్పుడు కనిపించే గుర్తు. తల్లికి చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం చూపించమనండి. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకి వారానికొకటి ఇచ్చే గులాబీ రంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దాన్ని అన్నం తిన్నాకే వేయించాలి, పరగడుపున వేస్తే కడుపులో తిప్పుతుంది. మలం నల్లగా వస్తుందని ఇంటికి ముందే కబురు చెప్పండి. చెప్పకపోతే మరుసటి రోజు పొద్దున్నే తల్లులు కంగారుగా బడికొస్తారు, ఆ పైవారం ఆ పిలకాయ మాత్ర మింగదు.

ఇక ఫిర్యాదులు. "సార్, ఈడు నన్నే చూస్తా ఉండాడు సార్!" "టీచర్, ఈ పాప నా రబ్బరు వాసన చూసేసింది టీచర్!" ఇట్లాంటివాటికి తీర్పు అక్కర్లేదు. మీరు ఆ మొహంలోకి చూసి "అట్నా?" అంటే చాలు, తృప్తిగా పోయి కూర్చుంటుంది. ఒక్క ఫిర్యాదుకి మాత్రం చేతిలో పని వదిలేసి లేవాలి: "సార్, ఈడు ముక్కులో శనగ్గింజ పెట్టుకున్నాడు." పుల్లతోనో పిన్నుతోనో తీయబోతే అది ఇంకా లోపలికి పోతుంది. నీళ్లు పోస్తే గింజ ఉబ్బి బిగుసుకుంటుంది. నోటితో గాలి పీల్చుకోమని చెప్పి, ఏడిపించకుండా కూర్చోబెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి పంపించండి.

మధ్యాహ్న భోజనం లెక్క ఐదో తరగతికి అప్పగించండి. ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. ఈ రోజు 33 మంది వచ్చారంటే బియ్యం మూడు కిలోల మూడొందల గ్రాములు, పప్పు 660 గ్రాములు. హాజరు వేశాకే ఈ లెక్క వేయాలి. పుస్తకంలో గ్రాములంటే గుడ్లు తేలేసే పిలకాయ, అన్నం దగ్గరికొచ్చేసరికి మీ కూడికలో తప్పు పట్టుకుంటుంది. పట్టుకుంటే మెచ్చుకుని, బోర్డు మీద తననే సరిదిద్దమనండి.

రొట్టెల పండగ రోజుల్లో నెల్లూరు చుట్టుపక్కల కొత్త పాఠం మొదలుపెట్టకండి, సగం బెంచీలు స్వర్ణాల చెరువు గట్టునే ఉంటాయి. అక్కడ ఒక్కో కోరికకి ఒక్కో రొట్టె పట్టుకుంటారు కదా, తిరిగొచ్చాక ఎవరు ఏ రొట్టె పట్టుకున్నారో రెండు వాక్యాలు రాయించండి. విద్య రొట్టె పట్టుకున్నామని చాలామంది రాస్తారు, ఒత్తులు లేకుండా. రాసింది ముందు గట్టిగా చదివించండి, ఒత్తు ఎక్కడ పడాలో ఆ తర్వాత చూసుకోవచ్చు.

బల్లల మీద శుభలేఖలు, కత్తెరలు, స్కేళ్లు పెట్టించాం. ఇంటికి పోయేలోపు ఒక్కొక్కరి చేతిలో 27 ముక్కల కట్టొకటి ఉండాలి. వందలవి ముందు కోయండి. అవి చెడిపోయినా వాటిలోంచి పదులవి వస్తాయి.