ఫోన్-ఇన్: మాత్ర దేంతో వేసుకుంటున్నారు?

యాంకర్: నమస్కారం. ఈ రోజు మన ఫోన్-ఇన్‌లో టీ గురించి మాట్లాడుకుందాం. సమాధానాలు చెప్పడానికి పోషకాహార డాక్టరమ్మ స్టూడియోకి వచ్చారు. మేడం, ముందే ఒప్పేసుకుంటున్నా, నాకు రోజుకు ఆరు టీలు పడాల్సిందే.

డాక్టర్: నేనేమీ అనలేదుగా. ఫోన్లు తీసుకోండి.

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్ 1: నంద్యాల నుంచి అండీ. నాకు రక్తం తక్కువుందని మూడు నెలలుగా ఐరన్ మాత్రలు వాడుతున్నాను మేడం. మొదట్లో హిమోగ్లోబిన్ 9 ఉండింది, మొన్న చూపిస్తే 9.2. ఆకుకూర లేకుండా ముద్ద దిగనివ్వట్లేదు మా అత్తగారు. టీలో కూడా యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయని చదివాను. ఇన్ని చేస్తున్నా ఎందుకు పెరగట్లేదు?

డాక్టర్: మాత్ర ఎప్పుడు వేసుకుంటారమ్మా?

కాలర్ 1: పొద్దున్నే, టిఫిన్ అవగానే.

డాక్టర్: దేంతో?

కాలర్ 1: (కాసేపు ఆగి) టీతో అండీ. నీళ్లతో వేసుకుంటే ఆ వాసనకి వికారం వస్తుంది.

డాక్టర్: అక్కడ ఉంది చిక్కు. టీ తాగితే నాలుకకు వగరు తగులుతుంది చూడండి, అది పాలీఫినాల్స్ వల్ల. టానిన్లు అని కూడా అంటుంటాం. అవి పేగులోకి వెళ్లి ఇనుమును పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. మాంసంలోని ఇనుము జోలికి అంతగా పోవు గానీ ఆకుకూర, పప్పు, మాత్ర ఈ మూడింట్లోని ఇనుమునీ బాగా అడ్డుకుంటాయి. తమాషా ఏంటంటే రక్తనాళాలకు మంచిదని మీరు చదివిన యాంటీ ఆక్సిడెంట్లు కూడా ఇవే.

యాంకర్: అంటే మంచీ చెడూ ఒకటే పదార్థమా?

డాక్టర్: ఒకటే. ఏ వేళకి పడిందనేదే తేడా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దన్నారు. అమ్మా, మీరు మాత్రను రాత్రికి మార్చుకోండి. అన్నం తిన్న గంటకి, నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకోండి. నిమ్మరసం ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది, ఆ వాసన కూడా కొంచెం తగ్గుతుంది. ఇంతా చేసి నెలన్నరకి కూడా పెరగకపోతే మీ డాక్టరుకి చూపించండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా, కడుపులో నులిపురుగులున్నాయా అన్నవీ చూడాలి. నెపమంతా టీ మీదికే నెట్టకూడదు.

యాంకర్: మేడం, నాకు వాట్సాప్‌లో ఒకటి వచ్చింది. టీ తాగేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారట. నేను పదిమందికి పంపించాను కూడా.

డాక్టర్: అందులో కొంత నిజం ఉంది. 2022లో బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల మంది వివరాలు చూశారు. రోజుకు 2 కప్పులు, అంతకు మించి బ్లాక్ టీ తాగేవాళ్లలో, అసలు తాగనివాళ్ల కంటే మరణాల ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. పాలు, చక్కెర వేసుకున్నా అంతే. కానీ టీ వల్లే బతికారని ఆ లెక్క చెప్పదు. టీ తాగేవాళ్ల మిగతా అలవాట్లు కూడా వేరే అయ్యుండొచ్చు. ఇంకోటి, వాళ్లు వేడినీళ్లలో ఆకు నాననిచ్చి పైన చుక్క పాలు పోసుకుంటారు. మనం పాలలో పొడి వేసి, చక్కెర వేసి, రంగు తేలేదాకా మరగబెడతాం. ఆ లెక్క తెచ్చి దీనికి అతికిస్తే ఎలా?

యాంకర్: ఇరానీ చాయ్ సంగతి అడగబోయి ఆగిపోయాను. తర్వాతి కాల్. హలో.

కాలర్ 2: నమస్తే మేడం, వరంగల్ నుంచి. ఆటో నడుపుతా. పొద్దుగాల ఐదింటికి బండి తీస్తా. రోజుకు పది చాయ్‌లు అవుతయి, చిన్న గ్లాసులే. తాగితే ఆకలి తెలవది, నిద్ర రాదు. ఏమన్నా అయితదా?

డాక్టర్: గ్లాసుకు చక్కెర ఎంత పడుతుంది అన్నా?

కాలర్ 2: చెంచన్నర ఉంటది. వాళ్లు కలిపే పెడతరు.

డాక్టర్: చెంచాకి 5 గ్రాములు అనుకుందాం. పది గ్లాసులకి 75 గ్రాములు. అదనంగా వేసుకునే చక్కెర 50 గ్రాములు దాటొద్దని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మీరు టీలోనే 75 తాగేస్తున్నారు.

కాలర్ 2: నాకు షుగర్ లేదు మేడం.

డాక్టర్: ఎప్పుడు చూపించారు?

కాలర్ 2: చూపించలే.

డాక్టర్: ఈ వారం చూపించండి. కెఫీన్ కూడా లెక్కేద్దాం. 150 మిల్లీలీటర్ల కప్పులో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకు 300 దాటొద్దని ఇందాక చెప్పిన ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో ఉంది. మీ పది చిన్న గ్లాసులు ఐదు కప్పుల కింద లెక్క. చిక్కటి చాయ్ అయితే 300 దాకా వెళ్లిపోతుంది. సాయంత్రం తాగిన దాంట్లో సగం, ఐదారు గంటలయ్యాక కూడా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి పడుకున్నా నిద్ర సరిగ్గా పట్టదు, పొద్దున లేవడానికి మళ్లీ చాయ్ కావాలి. నాలుగింటి తర్వాత ఆపేయండి. ఆకలేసినప్పుడు చాయ్ తాగకండి, తినండి. అరటిపండయినా సరే.

కాలర్ 2: ఐదుకు తగ్గిస్త మేడం. చక్కెర తక్కువెయ్యమని చెప్త.

యాంకర్: గ్రీన్ టీ గురించి హైదరాబాద్ నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు.

కాలర్ 3: మేడం, నెల నుంచి గ్రీన్ టీలో రెండు చెంచాల తేనె వేసుకుని తాగుతున్నా. పొట్ట అస్సలు తగ్గట్లేదు. దాని క్యాప్సూల్స్ కూడా దొరుకుతున్నాయి, అవి మొదలుపెట్టనా?

డాక్టర్: తేనె కూడా చక్కెరే బాబూ. గ్రీన్ టీ, మన మామూలు టీ ఒకే మొక్క ఆకు. కోసిన ఆకును వెంటనే వేడి చేసి గాలికి నల్లబడకుండా ఆపితే గ్రీన్ టీ, నల్లబడనిస్తే బ్లాక్ టీ. బరువు మీద దాని ప్రభావం తూకంలో తెలిసేంత ఉండదు. రుచి నచ్చితే తాగండి. క్యాప్సూల్స్ మాత్రం వద్దు. వాటిలో సారం బాగా చిక్కగా ఉంటుంది. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ, అంటే గ్రీన్ టీలో ఉండే ఒక పాలీఫినాల్, పడితే కాలేయానికి ఇబ్బంది రావచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే హెచ్చరించింది.

యాంకర్: చివరి కాల్. హలో, చెప్పండమ్మా.

కాలర్ 4: నంద్యాలేనమ్మా. ఇందాక మాట్లాడింది మా కోడలు. ఆ టీ పెట్టిచ్చేది నేనే.

డాక్టర్: (నవ్వు) కావాలని చేశారా ఏంటమ్మా, పర్లేదు.

కాలర్ 4: నాకు పొగలు కక్కుతూ ఉండాలమ్మా, చల్లారితే టీ ఏంటి?

డాక్టర్: ఐదు నిమిషాలు ఆగి తాగండి. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఉండొచ్చని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. అక్కడ తప్పు వేడిది, టీది కాదు. మీరేమైనా మాత్రలు వాడుతున్నారా?

కాలర్ 4: థైరాయిడ్‌కి. లేవగానే వేసుకుంటా.

డాక్టర్: దేంతో?

కాలర్ 4: దాంతోనే.

డాక్టర్: అది కూడా ఒంటికి సరిగ్గా పట్టదమ్మా. ఆరింటికి నీళ్లతో మాత్ర వేసుకోండి, ఏడింటికి టీ తాగండి, ఎనిమిది దాటాక టిఫిన్.

కాలర్ 4: ఎనిమిది దాటితే మనవడి బడి బస్సు వెళ్లిపోతుంది.

డాక్టర్: వాడికి ముందే పెట్టేయండి. వాడు టీ తాగడు కదా?

కాలర్ 4: (కాసేపు ఆగి) బిస్కెట్లు ముంచుకోవడానికి అరగ్లాసు, అంతే.

డాక్టర్: ఎన్నేళ్లు వాడికి?

కాలర్ 4: ఆరు.

డాక్టర్: పాలు పోసివ్వండమ్మా, వాటిలోనే ముంచుకుంటాడు.