ఒక్క చిత్రం చాలదు: ఉపగ్రహం, వరద, పాలమూరు కరవు

(దృశ్యం: షాద్‌నగర్ శివారు. ఆకాశం వైపు తిరిగి ఉన్న పెద్ద డిష్ యాంటెనాలు.)

నమస్కారం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 పునర్విభజనలో రంగారెడ్డి జిల్లాకు వెళ్లిన షాద్‌నగర్ దగ్గర ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అంటే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భూకేంద్రం ఉంది. మన భూపరిశీలన ఉపగ్రహాలతో పాటు కొన్ని విదేశీ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు కూడా ఇక్కడి యాంటెనాలకు చేరతాయి. వరద పటాలు, అడవి మంటల సమాచారం ఆ చిత్రాల నుంచే తయారవుతాయి. అయితే పైనుంచి ఒక్కసారి చూసినంత మాత్రాన విపత్తు కనిపించదు. నేటి చిత్రాన్ని నిన్నటి చిత్రం పక్కన, నిరుటి చిత్రం పక్కన పెట్టి చూసినప్పుడే అది బయటపడుతుంది. ఈ పోలిక ఎలా జరుగుతుందో, ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

2009 అక్టోబరు ఆరంభంలో కృష్ణా, తుంగభద్ర నదులు పొంగి, శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్, రాజోలి ప్రాంతాలు, నదికి ఆవలి ఒడ్డున కర్నూలు నగరం నీట మునిగాయి. అలాంటి రోజుల్లో ఆకాశమంతా మబ్బు కమ్మి ఉంటుంది కాబట్టి కెమెరా ఉన్న ఉపగ్రహానికి మబ్బుల పైభాగం తప్ప మరేమీ కనబడదు. రాడార్ ఉపగ్రహం తానే సూక్ష్మతరంగాలను కిందికి పంపి, తిరిగి వచ్చిన వాటిని నమోదు చేసుకుంటుంది. మబ్బు గానీ చీకటి గానీ దానికి అడ్డు కాదు. ఇస్రో 2012లో రీశాట్-1ను, 2022లో ఈఓఎస్-04ను, 2025 జులై 30న నాసాతో కలిసి నిర్మించిన నైసార్‌ను పంపింది ఈ పద్ధతిలో చూడటానికే.

(దృశ్యం: నలుపు తెలుపుల్లో రాడార్ చిత్రం. మిర్యాలగూడ చుట్టుపక్కల ఆయకట్టు.)

ఈ చిత్రాన్ని కాస్త నిదానంగా చూడాలి. ఇళ్లు, చెట్లు తరంగాలను వెనక్కి పంపుతాయి కనుక అవి తెల్లగా పడతాయి. నిలకడగా ఉన్న నీరు అద్దంలాగా వాటిని అవతలి వైపుకు మళ్లిస్తుంది కనుక నల్లగా పడుతుంది. నల్లగా ఉన్నదంతా వరదే అనుకుంటే మాత్రం పొరపాటు అవుతుంది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక, కరిగెట చేసి నాట్లు వేసిన వరి మడి కూడా ఇదే నలుపులో కనిపిస్తుంది. వానకు ముందు తీసిన చిత్రం ఉంటేనే ఏది మడి నీరో, ఏది ఊరి మీదికి వచ్చిన నీరో విడదీయగలం. ఆ చిత్రానికి తోడు గ్రామాల హద్దులు, చెరువుల అలుగులు, లోతట్టు కాలనీలు గుర్తించిన పటం కూడా ఉంటే, ఏ వీధికి పడవ పంపాలో తహసీల్దారు నిర్ణయించగలరు.

దీనికి ఒక పరిమితి ఉంది. నైసార్ ఒకే చోటును మళ్లీ అదే కోణంలో చూడటానికి 12 రోజులు పడుతుంది. 2024 సెప్టెంబరు 1న కోదాడను ముంచెత్తినలాంటి వరద అంతకాలం ఆగదు. అటువంటి వేళ, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి మేఘాలను ఎడతెగకుండా గమనించే ఇన్‌శాట్ ఉపగ్రహాలు, నేల మీది వర్షమాపకాలు, వాగుల మీది నీటిమట్టం కొలతలే ముందస్తు హెచ్చరికకు ఆధారం.

నల్లమలలో ఎండాకాలపు మంటల సంగతి ఇంతకన్నా సులువు. చుట్టూ ఉన్న నేలకంటే అసాధారణంగా వేడెక్కిన చోటును ఉపగ్రహం గుర్తించగానే, భారత అటవీ సర్వేక్షణ సంస్థ నుంచి సిబ్బంది ఫోన్లకు సందేశం వెళుతుంది.

సొంత ఉపగ్రహాలు లేని దేశాల సంగతేమిటి? 1999లో వియన్నాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు తర్వాత అంతరిక్ష సంస్థలు ఒక ఒడంబడికకు వచ్చాయి. ఇస్రో 2001లో అందులో చేరింది. విపత్తు వచ్చిన దేశం కోరితే సభ్య సంస్థలు చిత్రాలను ఉచితంగా ఇస్తాయి. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను మొజాంబిక్‌లోని బైరా నగరాన్ని దెబ్బతీసినప్పుడు ఆ సాయం అందింది. కానీ చిత్రాన్ని చదవడానికి శిక్షణ పొందిన మనుషులు, పాత పటాలు ఆ దేశంలోనే ఉండాలి. ఆ లోటును తీర్చడానికి ఐక్యరాజ్యసమితి 2006లో యూఎన్-స్పైడర్ అనే కార్యక్రమాన్ని ఏర్పాటు చేసింది.

ఆ ఒడంబడిక హఠాత్తుగా వచ్చే విపత్తులకే వర్తిస్తుంది, కరవుకు వర్తించదు. పాలమూరు జనాన్ని తరాల తరబడి ముంబయి, పుణె దారి పట్టించింది మాత్రం కరవే.

(దృశ్యం: ఎర్ర చెల్క నేల. ఒక పక్క బోరు కింద వరి, పక్కనే వాడిన పత్తి.)

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర కాంతిని పీల్చుకొని, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాతో లెక్కగట్టే పచ్చదనపు సూచికను గత సంవత్సరాల ఇదే పక్షంతో పోల్చి కరవును అంచనా వేస్తారు. మన దేశంలో ఈ పని 1989 నుంచి జరుగుతోంది. అయితే కరవు పటాల్లో తరచూ ఒక్కో చుక్క అనేక ఎకరాలకు సమానం. అందులో బోరు కింది వరి, వర్షాధార పత్తి కలిసిపోయి, పంట ఎండిపోయిన రైతు నష్టం పక్క చేను పచ్చదనం చాటున దాగిపోతుంది. ఆలస్యంగా విత్తిన చేను, విత్తి ఎండిన చేను కూడా ఆగస్టులో ఒకే తీరుగా కనిపిస్తాయి. అందుకే సగటు సూచికను మాత్రమే చూపి ఒక మండలంలో కరవు లేదని తేల్చడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2016 నాటి కేంద్ర కరవు మార్గదర్శకాలు కూడా కొన్ని గ్రామాలను ఎంచుకొని పొలాలను స్వయంగా పరిశీలించాలని చెబుతున్నాయి. ఆ పరిశీలనకు అధికారులు మీ ఊరికి వచ్చినప్పుడు బోరు లేని చెల్కలనూ చూడమని అడగండి, విత్తిన తేదీ, విత్తనం కొన్న రసీదు వారికి చూపించండి.