మొదటి రోజు ఏమీ కనబడని పైలట్

శ్రోతలకు నమస్కారం. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడిన ఎరిక్ హార్ట్‌మన్ అనే యుద్ధవిమాన పైలట్ ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ముందుగా వినిపించేది ఒక అంకె: 352. ఇన్ని శత్రువిమానాలను కూల్చినట్లు అతని పేరిట నమోదై ఉంది. వైమానిక యుద్ధ చరిత్రలో మరే పైలట్ పేరిటా అంత సంఖ్య లేదు. రష్యన్ చరిత్రకారులు కొందరు ఆ లెక్కను ఒప్పుకోరు. ఈ పూట నేను ఆ వివాదంలోకి వెళ్లడం లేదు. ఆ అంకె ఇంకా సున్నాగా ఉన్న ఒక రోజు గురించి, 1942 అక్టోబరు 14 గురించి చెప్పదలచుకున్నాను.

అప్పటికి హార్ట్‌మన్ వయసు ఇరవై ఏళ్లు. తల్లి స్వయంగా గ్లైడర్, అంటే ఇంజన్ లేని విమానం, నడిపిన మహిళ కావడం వల్ల చిన్ననాడే అతనికి గాలిలో ఎగరడం అలవాటైంది. శిక్షణ ముగించుకుని, కాకసస్ పర్వతాల సమీపాన సోల్దాత్‌స్కాయా అనే చోట ఉన్న 52వ యుద్ధవిమాన దళంలో చేరాడు. అక్కడ అతన్ని రోస్‌మన్ అనే అనుభవజ్ఞుడైన పైలట్‌కు జతగా పంపారు. ముందు ఎగిరేది రోస్‌మన్. ఆయన వెనుకే ఉండి, ఆయన వీపును కాచుకోవడం హార్ట్‌మన్ పని. ఆ ఒక్కటే అతని పని.

అక్టోబరు 14న ఇద్దరూ గాలిలోకి లేచిన కొంతసేపటికి, కింద శత్రువిమానాలు ఉన్నాయని రోస్‌మన్ రేడియోలో హెచ్చరించాడు. హార్ట్‌మన్ చూశాడు. అతనికి ఏమీ కనబడలేదు. రోస్‌మన్ కిందికి దూకితే తానూ దూకాడు. అప్పటికీ ఏమీ కనబడలేదు. తీరా ఒక విమానం కంటపడేసరికి, జత సంగతి మరచి, నాయకుణ్ణే దాటి ముందుకు దూసుకుపోయి, చాలా దూరం నుంచే కాల్పులు మొదలుపెట్టాడు. ఒక్క గుండూ తగలలేదు. పైగా ఆ విమానాన్ని ఢీకొనబోయి తృటిలో తప్పించుకున్నాడు. కంగారుగా మబ్బుల్లోకి ఎక్కి బయటికి వచ్చేసరికి తన వైపే వస్తున్న విమానం ఒకటి కనిపించింది. శత్రువు తరుముతున్నాడనుకుని పారిపోయాడు. ఆ వచ్చినది శత్రువు కాదు, అతన్ని వెతుక్కుంటూ వచ్చిన రోస్‌మన్. చివరికి ఇంధనం అయిపోయి, చక్రాలు దించకుండానే విమానాన్ని పొట్టమీద నేలకు దించవలసి వచ్చింది.

ఇంత జరిగాక ఆ కుర్రవాణ్ణి ఇంటికి పంపివేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. పై అధికారి అలా చేయలేదు. మూడు రోజుల పాటు మెకానిక్‌ల వెంట పనిచేయమన్నాడు. తన తొందరపాటుతో పాడైన యంత్రం వెనుక ఎందరి చెమట ఉందో చూపే శిక్ష అది. ఈ కథలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆకట్టుకునేది ఆ మూడు రోజులే.

ఆ తరువాత అతను రోస్‌మన్‌ను గమనించడం మొదలుపెట్టాడు. రోస్‌మన్ చేతికి పాత గాయం ఉండడం వల్ల గిరికీలు కొడుతూ పోరాడే బలం లేదు. అందుచేత ఆయన దూరం నుంచే చూసి, నిదానంగా ఆలోచించి, అనువైన క్షణంలో మాత్రమే దాడి చేసి తప్పుకునేవాడు. హార్ట్‌మన్ పద్ధతి దాని నుంచే రూపుదిద్దుకుంది: ముందు చూడాలి, తరువాత నిర్ణయించుకోవాలి, ఆ పైన దాడి చేయాలి, వెంటనే దూరంగా వెళ్లిపోవాలి. నవంబరు 5న, కింది భాగంలో ఆయిల్ కూలర్ (ఇంజన్ నూనెను చల్లబరిచే భాగం) ఉన్న ఇల్యూషిన్ 2 అనే సోవియట్ దాడి విమానాన్ని, ఆ చోటే గురిచూసి, బాగా దగ్గరికి వెళ్లి కొట్టాడు. అది అతని మొదటి విజయం. దాని ముక్కలు తగిలి తన ఇంజన్ దెబ్బతినడంతో మళ్లీ పొట్టమీదే దిగాడు.

ఈ నైపుణ్యమంతా హిట్లర్ సాగించిన దురాక్రమణకు పనికివచ్చిందన్న మాట దాచడం నాకు ఇష్టం లేదు. ఆ యుద్ధంలో సుమారు 2 కోట్ల 70 లక్షల మంది సోవియట్ ప్రజలు మరణించారు. హార్ట్‌మన్ కూడా 1945 మే నెలలో అమెరికన్లకు లొంగిపోయి, వారి ద్వారా సోవియట్ల చేతికి వెళ్లి, పదేళ్లకు పైగా ఖైదులో గడిపాడు. ఆ కాలంలోనే పుట్టి, ఆ కాలంలోనే కన్నుమూసిన కొడుకును ఒక్కసారి కూడా చూడలేకపోయాడు.

కొత్తగా పనిలో చేరినవారిని తీర్చిదిద్దే బాధ్యత ఉన్న శ్రోతలు రోస్‌మన్‌ను గుర్తుంచుకోవాలని నా కోరిక. తన వెనుక ఉండవలసినవాడు తప్పిపోతే, ఆయన ఆ రోజు వెనుదిరిగి వెతికాడు. మరుసటి సంవత్సరం జూలైలో, శత్రువుల ప్రాంతంలో కూలిన మరో సహచరుణ్ణి తీసుకురావడానికి తన విమానాన్ని అక్కడే దించి, పట్టుబడ్డాడు.