సగం ఆలోచననే షేర్ చేయండి

[తెరపై: ఫోల్డర్‌లో ఫైళ్ల వరుస]

"ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్", "ఇదే లాస్ట్". మీ దగ్గరా ఉన్నాయి కదా? ఒకే రిపోర్టు నలుగురి మెయిళ్లలో తిరిగితే, ఎవరి మార్పులు ఏ కాపీలో ఉన్నాయో చివరికి ఎవరికీ అంతుపట్టదు.

అందుకే ఇప్పుడు అందరం ఒకే డాక్యుమెంట్ తెరిచి ఆన్‌లైన్‌లో రాసుకుంటున్నాం. ఈ ఊహ చాలా పాతది. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 90 నిమిషాల డెమో ఇచ్చారు. అందులో మౌస్ చూపించారని అందరూ చెప్తారు. నాకు మాత్రం ఇంకో దృశ్యం ఇష్టం: సుమారు 50 కిలోమీటర్ల దూరంలో మెన్లో పార్క్‌లో ఉన్న సహోద్యోగితో ఆయన మాట్లాడుతుంటే, ఇద్దరి ముందూ ఒకటే పేజీ ఉంది.

[తెరపై: "రేపు ఉదయం ఆఫీసులో కలుద్దాం". రెండు రంగుల కర్సర్లు]

మరి ఇద్దరం ఒకేసారి టైప్ చేస్తే గందరగోళం ఎందుకవదు? ఈ వాక్యం చూడండి. మీరు "రేపు" తీసేశారు. అదే క్షణంలో మీ ఫ్రెండ్ రెండో పదం తర్వాత "పదింటికి" అని చేర్చారు. ఇప్పుడు రెండో పదం ఏది? "రేపు" పోయింది కాబట్టి "ఆఫీసులో". ఉన్నదున్నట్టు పాటిస్తే "ఉదయం ఆఫీసులో పదింటికి కలుద్దాం" అవుతుంది. ఫ్రెండ్ అనుకున్నది అది కాదు. అందుకని సాఫ్ట్‌వేర్ "ముందు ఒక పదం పోయింది" అని లెక్క చూసి, "రెండో పదం తర్వాత" అన్నదాన్ని "మొదటి పదం తర్వాత"గా మారుస్తుంది. "ఉదయం పదింటికి ఆఫీసులో కలుద్దాం." 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ పద్ధతిని వివరించారు. దీని పేరు ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్. పేరు గుర్తులేకపోయినా నష్టం లేదు.

కలిసి టైప్ చేయడం సరే, కలిసి ఆలోచించడం ఎలా?

[తెరపై: 2009]

గణిత శాస్త్రవేత్త టిమోతీ గవర్స్ ఒక కఠినమైన సమస్యను ఆన్‌లైన్‌లో పెట్టి, ఎవరైనా రావచ్చన్నారు. షరతు ఒకటే: చిన్న ఆలోచన వచ్చినా వెంటనే రాయాలి, తప్పయినా పర్లేదు, ఒంటరిగా కూర్చుని పూర్తిచేసుకుని రాకూడదు. రెండు నెలలు తిరక్కముందే దారి దొరికింది. ఆ పేపర్ డీ.హెచ్.జే. పాలీమ్యాత్ అనే ఉమ్మడి కలంపేరుతో వచ్చింది.

మనం దీనికి సరిగ్గా ఉల్టా. అంతా చెక్కి, నున్నగా చేసి, అప్పుడు లింక్ పంపుతాం. ఆ నునుపు చూసి ఎవరూ వేలు పెట్టరు. "బాగుంది" అని ఒక బొటనవేలు గుర్తు, అంతే.

మీటింగ్‌లో ఇలా చేసి చూడండి. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. అందరూ ఒకే డాక్యుమెంట్‌లో తమ మాట రాయాలి. గట్టిగా మాట్లాడేవాళ్ల అభిప్రాయం మిగతావాళ్లను మింగేయకుండా ఉంటుంది. బాస్ కర్సర్ పక్కనే మెరుస్తుంటే చేతులు బిగుసుకుపోతాయి, ఆయన్ని చివర్లో రమ్మనండి! చెరిగిపోతుందని టెన్షన్ వద్దు, వెర్షన్ హిస్టరీలో పాతదంతా ఉంటుంది.

[తెరపై: ఈ స్క్రిప్ట్ మొదటి డ్రాఫ్ట్, పక్కన కామెంట్]

ఇందాకటి "రేపు ఉదయం" ఉదాహరణ నాది కాదు. నేను అక్షరాల లెక్కతో రాశాను, సాఫ్ట్‌వేర్ నిజంగా లెక్కపెట్టేది అక్షరాలనే కదా అని. మా ఎడిటర్ పక్కన ఒక కామెంట్ పెట్టింది: "తల తిరుగుతోంది. పదాల్లో చెప్పకూడదా?"